నేలలో భాస్వరము - సోయాచిక్కుడు పైరు

గాదె నిండ ధాన్యమున్నను, తలుపునకు తాళము పడి తాళపుచెవి దొరకనిచో ఆ యింటివారు పస్తుండవలసినదే. ఉష్ణమండలములోని అనేక నేలలలో పైరుల స్థితి ఇట్టిదే. ఆ నేలలలో భాస్వరము లేకపోలేదు. ఒక్కొక్క హెక్టారులో వందల కిలోగ్రాముల భాస్వరము ఉండును. అయినను వానిలో పెరుగు మొక్క భాస్వరము చాలక గిడసబారిపోవును. రైతు డబ్బు పెట్టి ఎరువు కొని వేసినను, అందులో అధికభాగము ఆ యేటి పైరునకు అందక నేలలోనే చిక్కుపడిపోవును. నేలలో ఉన్న భాస్వరము వేరు. పైరునకు అందు భాస్వరము వేరు. ఈ రెంటికి గల భేదమేమి? తాళము ఎట్లు పడుచున్నది? దానిని తీయు ఉపాయములెవ్వి? సోయాచిక్కుడు పైరును పరిశీలించినచో ఈ ప్రశ్నలకు చాల వరకు సమాధానములు లభించును.

భాస్వరము చేయు పని

1669లో జర్మనీలోని హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారము చేయవలెనను ఆశతో మూత్రమును ఇగిరించి, మిగిలిన పదార్థమును తీవ్రముగా కాల్చెను. బంగారము రాలేదు గాని, చీకటిలో తనంతట తాను వెలుగు వింత పదార్థమొకటి లభించెను. అదియే భాస్వరము. ప్రకాశించునది అని ఆ పేరునకు అర్థము. అది మూత్రము నుండి లభించుట ఆశ్చర్యకరము కాదు. పైరు నేల నుండి భాస్వరమును గ్రహించును. పైరు నుండి అది మనుష్యుల శరీరములోనికిని, పశువుల శరీరములోనికిని చేరి, ఎముకలకును దంతములకును గట్టితనము నిచ్చును. మిగిలినది విసర్జింపబడును. పశువుల పెంట, ఇంటి బూడిద, చెత్త తిరిగి పొలమునకే చేరినంత కాలము ఈ చక్రము చాల వరకు తెగక సాగును. ధాన్యము బండ్లకెత్తి దూరపు పట్టణములకు పంపిన కొలది, దానితోపాటు భాస్వరము కూడ పొలమును విడిచిపోవును.

మొక్కలోని ప్రతి జీవకణమునకును భాస్వరము కావలెను. వంశలక్షణములను మోయు కేంద్రకామ్లములలో అది ఉన్నది. కణములను చుట్టియుండు పలుచని పొరలలో అది ఉన్నది. కణములో శక్తిని ఒక చోటి నుండి మరియొక చోటికి అందించు ఏ.టి.పి. అను పదార్థములో అది ఉన్నది. ఆకు సూర్యరశ్మి నుండి పట్టిన శక్తి చక్కెరగా మారవలెనన్నను, వేరు నేల నుండి లవణములను లోనికి లాగవలెనన్నను ఏ.టి.పి. లేనిదే జరుగదు. ఈ పనులలో భాస్వరమునకు బదులుగా మరియొక మూలకము పనికిరాదు.

సోయాచిక్కుడునకు భాస్వరము మరింత ముఖ్యము. సోయా గింజలో ఇంచుమించు 40 శాతము మాంసకృత్తులు, 20 శాతము నూనె ఉండును. మాంసకృత్తులకు నత్రజని కావలెను. ఒక టన్ను గింజలు పండవలెనన్నచో పైరునకు దాదాపు 80 కిలోగ్రాముల నత్రజని అవసరమగును. ఇంత నత్రజనిని ఎరువు రూపమున కొని వేయుట రైతునకు పెనుభారము. అయితే సోయా వేరులకు ఏర్పడు బుడిపెలలో బ్రాడీరైజోబియము అను బాక్టీరియా నివసించి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కందించును. మొక్క దానికి బదులుగా చక్కెరల నిచ్చును. ఈ సహజీవనము ఉచితముగా జరుగునది కాదు. గాలిలోని ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చుటకు కనీసము 16 ఏ.టి.పి. అణువులు ఖర్చగును. అందుచేత మొక్కలోని ఇతర భాగములకంటె బుడిపెలలో భాస్వరము సాంద్రత ఎక్కువగా ఉండును. భాస్వరము చాలనిచో బుడిపెలు తక్కువగా ఏర్పడును; ఏర్పడినవి చిన్నవిగా ఉండి పని సరిగా చేయవు. ఈ విధముగా భాస్వరపు కొరతగా మొదలైనది నత్రజని కొరతగా కూడ పరిణమించును.

ఈ కొరతను కంటితో గుర్తించుట సులభము కాదు. నత్రజని చాలనిచో ఆకులు పసుపుబారును. రైతు వెంటనే గ్రహించును. భాస్వరము చాలని సోయామొక్క ఆకులు మొదట ముదురాకుపచ్చగా, ఒక్కొక్కప్పుడు నీలిచాయతో ఉండును. ఆకు సాగవలసినంత సాగకపోవుటచే పత్రహరితము చిన్న స్థలములో దట్టముగా కనబడుటయే ఇందుకు కారణము. పైరు పచ్చగానే ఉన్నది గదా అని రైతు మోసపోవుటకు అవకాశము కలదు. కాని మొక్క పొట్టిగా ఉండును. కొమ్మలు తక్కువగా వచ్చును. పూత, కాయ తగ్గును. చివరకు తూకములో నష్టము తెలియును.

ఇరువది గ్రాముల లెక్క

ఒక హెక్టారు, అనగా ఇంచుమించు రెండున్నర ఎకరముల పొలమును తీసికొందము. దాని పైపొర మట్టి, 15 సెంటీమీటర్ల లోతు వరకు, సుమారు 20 లక్షల కిలోగ్రాముల బరువుండును. ఒక కిలోగ్రాము మట్టిలో 400 మిల్లీగ్రాముల భాస్వరము ఉన్నదనుకొన్నచో, ఆ పొలములో మొత్తము 800 కిలోగ్రాముల భాస్వరము ఉన్నట్లు. మూడు టన్నుల దిగుబడి నిచ్చు సోయాపైరు తన జీవితకాలములో గ్రహించునది ఇంచుమించు 20 కిలోగ్రాములు మాత్రమే. ఈ లెక్క ప్రకారము ఆ పొలము 40 పైరులకు సరిపడు ధనము కలది.

కాని వేరు మట్టిని తినదు. మట్టిలోని నీటిలో కరగియున్న దానిని మాత్రమే త్రాగును. ఆ పైపొరలో తేమగా ఉన్నప్పుడు సుమారు 4 లక్షల లీటర్ల నీరుండును. ఉష్ణమండలపు పేదనేలలలో ఒక లీటరు నేలనీటిలో కరగియుండు భాస్వరము 0.05 మిల్లీగ్రాము వరకే ఉండుట సామాన్యము. ఈ లెక్కన ఆ నీరంతటిలో ఒక్క క్షణమున కరగియున్న భాస్వరము 20 గ్రాములు మాత్రమే. 800 కిలోగ్రాముల ధనములో చేతికి అందునది 20 గ్రాములు!

పైరునకు కావలసినది 20 కిలోగ్రాములు. అందుచేత నీటిలోని ఆ 20 గ్రాములు పైరుకాలములో వేయిసార్లు ఖర్చయి వేయిసార్లు నిండవలెను. నూరు దినముల పైరైనచో దినమునకు పదిసార్లు. నేల సారవంతమా కాదా అనునది అందులో మొత్తము భాస్వరము ఎంత ఉన్నదను దానికంటె, నీటిలోని భాస్వరము తరిగినప్పుడు మట్టిరేణువులు దానిని ఎంత త్వరగా నింపగలవను దానిపై ఎక్కువగా ఆధారపడి యుండును.

మరియొక చిక్కు కలదు. నైట్రేటు రూపములోని నత్రజని నీటితోపాటు ప్రవహించి వేరును చేరును. ఫాస్ఫేటు అట్లు కదలదు. అది రేణువులకు అంటుకొనుచు, విడుచు, మరల అంటుకొనుచు, పైరుకాలమంతటిలోను కొలది మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు సాగును. అందుచేత వేరు చుట్టును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరము త్వరలోనే ఖాళీ యగును. మూడంగుళముల దూరమున ఎంత భాస్వరమున్నను ఆ వేరునకు లేనట్లే. భాస్వరము వేరును వెదకికొని రాదు. వేరే భాస్వరమును వెదకికొని పోవలెను.

తాళము పడు విధము

ఉష్ణమండలములోని అనేక నేలలు మిక్కిలి పురాతనమైనవి. లక్షల సంవత్సరములుగా ఎండ, వాన వానిపై పనిచేసినవి. వేడివలన రాళ్లలోని ఖనిజములు వేగముగా శిథిలమైనవి. భారీ వర్షములవలన కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము కడుగుకొని పోయినవి; ఇసుకరాయిలోని సిలికా కూడ కొంత కరగిపోయినది. చివరకు మిగిలినవి ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు, కెయొలినైటు అను బంకమన్ను. ఇనుప ఆక్సైడులవలననే ఈ నేలలకు ఎరుపు, పసుపు రంగులు వచ్చినవి.

ఈ ఆక్సైడుల రేణువులు అత్యంత సూక్ష్మమైనవి. వస్తువును ఎంత సన్నగా నూరినచో దాని ఉపరితలము అంత పెరుగును. ఒక్క గ్రాము ఇనుప ఆక్సైడు రేణువుల ఉపరితలమును పరచి కొలిచినచో పదుల చదరపు మీటర్లు ఉండును. ఆ ఉపరితలముపై ఇనుమునకో, అల్యూమినియమునకో అంటియున్న ఉదజని-ఆమ్లజని జంటలను త్రోసి, ఫాస్ఫేటు తాను ఆ స్థానమున కూర్చుండును. ఈ బంధము గట్టిది. కాలము గడచిన కొలది ఫాస్ఫేటు రేణువు లోపలి సందులలోనికి చొచ్చుకొనిపోవును. అప్పుడు దానిని వెలికి తీయుట మరింత కష్టము. నేల ఆమ్లత్వము ఎక్కువైన కొలది ఈ పట్టు బిగియును.

నల్లరేగడి నేలలలో కథ వేరు. అచ్చట ఆమ్లత్వమునకు బదులు క్షారత్వము, సున్నపు రేణువులు ఉండును. కరగిన ఫాస్ఫేటు కాల్షియముతో కలిసి క్రమక్రమముగా కరుగని కాల్షియము ఫాస్ఫేటులుగా మారును. ఎర్రనేలలో తాళము ఇనుముది; నల్లనేలలో తాళము సున్నముది. ఈ రెంటికి మధ్యగా, పి.హెచ్. విలువ 6కును 7కును నడుమ ఉన్నప్పుడు, భాస్వరము మొక్కకు మిక్కిలి అనువుగా అందును.

ఎరువుగా వేసిన భాస్వరమునకును ఇదే గతి పట్టును. సాధారణముగా వేసిన సంవత్సరము పైరు గ్రహించునది పదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు మాత్రమే. మిగిలినది పూర్తిగా నష్టమైనదని తలచుట పొరపాటు. అది నేలలోనే ఉన్నది. అందులో కొంత భాగము తరువాతి సంవత్సరములలో మెల్లమెల్లగా విడుదల యగును. ఈ సంగతిని బ్రెజిల్ దేశపు అనుభవము స్పష్టపరచినది.

సెరాడో మైదానములు

బ్రెజిల్ నడుమ ఇరువది కోట్ల హెక్టార్ల మేర సెరాడో అను పీఠభూమి కలదు. అది దట్టమైన అరణ్యము కాదు. గడ్డి, వంకరటింకర చెట్లు కలిసి పెరుగు సవన్నా ప్రదేశము. వర్షము చాలును, నేల లోతైనది, చదునైనది, గుల్లగా దున్నుటకు అనువైనది. అయినను 20వ శతాబ్ది మధ్యభాగము వరకు అది పశువులను మేపుటకు తప్ప పంటలకు పనికిరాదని భావింపబడెను. 1960లో దేశ రాజధానియైన బ్రసీలియా ఈ పీఠభూమిపైననే వెలసెను. చుట్టును మాత్రము సాగు స్వల్పము.

ఆ నేలల పి.హెచ్. 5కు అటునిటుగా ఉండును. అట్టి ఆమ్లత్వములో అల్యూమినియము కరగి వేరుకొనలను విషమువలె దెబ్బతీయును. అచ్చటి సహజ వృక్షములలో కొన్ని అల్యూమినియమును తమ ఆకులలో కూడబెట్టుకొని నిబ్బరముగా బ్రతుకుట నేర్చినవి. సోయాచిక్కుడునకు ఆ విద్య లేదు. 1970లలో ఆల్ఫ్రెడో షీడ్ లోపెస్ అను శాస్త్రజ్ఞుడు సెరాడోలోని 500కు పైగా మట్టి నమూనాలను పరీక్షించెను. వానిలో అత్యధిక భాగమున మొక్కకు అందు భాస్వరము పది లక్షల పాళ్లలో రెండు పాళ్లకు లోపుగానే ఉండెను. అట్టి నేలలో విత్తనము మొలకెత్తును గాని పైరు కాదు.

1950లలోనే కోలిన్ మెక్‌లంగ్ అను అమెరికను మృత్తికా శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు బ్రెజిల్‌లో ప్రయోగములు చేసి, సున్నము, భాస్వరము, కొన్ని సూక్ష్మపోషకములు కలిపి వేసినచో ఈ నేలలు పంట నిచ్చునని చూపిరి. వీనిలో ఏ ఒక్కటి వేసినను ఫలితము అంతంత మాత్రమే. సున్నము అల్యూమినియమును నిర్వీర్యము చేయును. వేరు లోతునకు పోగలదు. అప్పుడు వేసిన భాస్వరమును అందుకొనగలదు. 1973లో బ్రెజిల్ ప్రభుత్వము ఎంబ్రాపా అను వ్యవసాయ పరిశోధన సంస్థను స్థాపించెను. 1975లో బ్రసీలియా సమీపమున సెరాడో నేలలకై ప్రత్యేక కేంద్రము వెలసెను. అచ్చట ఎడ్సన్ లొబాటో మొదలగు శాస్త్రజ్ఞులు ఒకే పొలములో సంవత్సరముల తరబడి పైరులను పండించుచు, మొదట వేసిన భాస్వరము ఎంతకాలము పనిచేయునో కొలిచిరి.

ఆ పరిశీలనల సారాంశమిది. బంకమన్ను ఎక్కువగా ఉన్న నేలకు మొదట ఒకసారి పెద్ద మోతాదున భాస్వరము వేయవలెను. హెక్టారునకు 200 కిలోగ్రాములకు మించి కూడ వేయవలసి రావచ్చును. ఎరువుల బస్తాలపై భాస్వరమును లెక్కించు ఆక్సైడు రూపమున ఈ అంకె చెప్పబడినది. ఆ మోతాదు నేల ఆకలిని కొంత తీర్చును. ఆక్సైడు రేణువులపై ఫాస్ఫేటు కూర్చుండు స్థానములు కొంతవరకు నిండిన పిదప, కొత్తగా వేసిన భాస్వరము పైరునకు అందు పాలు పెరుగును. తరువాత ప్రతి సంవత్సరము పైరు తీసికొనిపోయిన దానిని భర్తీచేసినచో చాలును. ఒక సంవత్సరము కొలిచినప్పుడు పైరునకు అందిన భాగము స్వల్పముగా కనబడినను, చాల సంవత్సరముల లెక్క కలిపి చూచినచో అది ఎన్నో రెట్లు అధికముగా తేలెను.

భాస్వరమొక్కటే ఈ మార్పును తెచ్చినదనుట సరికాదు. చెకొస్లొవేకియాలో 1924లో జన్మించి బ్రెజిల్‌లో స్థిరపడిన యొహాన్నా డోబెరైనర్ అను సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలు, సోయాకు నత్రజని ఎరువు బదులు బాక్టీరియానే నమ్ముకొనవలెనని పట్టుబట్టెను. ఆ మార్గముననే బ్రెజిల్ సోయా వంగడములు ఎంపికైనవి. నేడు అచ్చటి సోయాపైరునకు నత్రజని ఎరువు ఇంచుమించు వేయనే వేయరు. అదే మార్గమున కృషి చేసిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి లభించెను. సోయా పగటి పొడవునుబట్టి పూచు మొక్క. భూమధ్యరేఖకు దగ్గరగా వేసినచో ఎదుగకమునుపే పూచును. రోమెయు కీల్ మొదలగువారు ఆలస్యముగా పూచు వంగడములను సృష్టించి ఆ చిక్కును తీర్చిరి. సెరాడోను సాగులోనికి తెచ్చిన కృషికిగాను మెక్‌లంగ్, లొబాటోలకును, వ్యవసాయ మంత్రిగా పనిచేసిన ఆలిసన్ పావొలినెల్లికిని 2006లో ప్రపంచ ఆహార బహుమతి నిచ్చిరి. 2023లో బ్రెజిల్ 15 కోట్ల టన్నులకు పైగా సోయా పండించెను.

ఈ విజయమునకు మూల్యము కూడ చెల్లింపబడినది. సెరాడోలోని సహజ వృక్షసంపదలో ఇంచుమించు సగము నశించినది. అనేక పెద్ద నదులు ఆ పీఠభూమిపైననే పుట్టుచున్నవి. అంతేకాక, ప్రతి సంవత్సరము భాస్వరపు ఎరువును పెద్ద యెత్తున విదేశముల నుండి కొనక తప్పని పరిస్థితి ఏర్పడినది. డబ్బున్నవానికి ఈ మార్గము సాధ్యము. ఒకటి రెండు ఎకరముల రైతు నేల ఆకలిని ఒక్కసారిగా తీర్చజాలడు. అట్టివానికి ఉన్న తాళమునే నేర్పుగా తీయు ఉపాయము కావలెను.

మొక్కలు చేయు ప్రయత్నము

ఆ ఉపాయములలో కొన్నింటిని మొక్కలే చేయుచున్నవి. భాస్వరము తగ్గినప్పుడు మొక్క ఆకులకు పంపవలసిన ఆహారములో ఎక్కువ పాలు వేరులకు పంపును. వేరులపై వెండ్రుకలవంటి మూలకేశములు పొడవుగా, దట్టముగా పెరుగును. నేలలో భాస్వరము పైపొరలోనే ఎక్కువగా ఉండుటచే, పక్కలకు విస్తరించు వేరులు గల వంగడములు నిట్టనిలువుగా దిగు వేరులు గల వానికంటె మేలు. దక్షిణ చైనాలోని ఆమ్లనేలలలో ఇట్టి లక్షణములనుబట్టి సోయా వంగడములను ఎంపిక చేసిరి.

వేరుతో స్నేహము చేయు శిలీంధ్రములు కూడ కలవు. వీని దారములు మూలకేశములకంటె ఎన్నో రెట్లు సన్నగా ఉండి, వేరు చొరలేని సందులలోనికి పోయి, కొన్ని సెంటీమీటర్ల దూరము నుండి భాస్వరమును తెచ్చి మొక్క కిచ్చును. సోయా వేరులకు ఈ శిలీంధ్రముల తోడు సామాన్యముగా ఉండును.

మూడవ ఉపాయము రసాయనికమైనది. వేరులు మాలికామ్లము, సిట్రికామ్లము వంటి సేంద్రియామ్లములను నేలలోనికి స్రవించును. అవి ఇనుమును, అల్యూమినియమును తాము పట్టుకొని ఫాస్ఫేటును విడిపించును. ఈ విద్యలో ఆరితేరిన పైరు తెలుగువారికి చిరపరిచితమైన కందియే యని తేలినది. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన కేంద్రము 1972లో స్థాపితమైనది. అచ్చట జపాను శాస్త్రజ్ఞులు కొందరు భాస్వరము వేయని ఎర్రనేలలో పలు పైరులను పెంచి చూచిరి. జొన్న, సోయా, సజ్జ, మొక్కజొన్న ఎదగజాలకపోయినవి. కంది మాత్రము పెరిగెను. కారణమును వెదకగా, కంది వేరులు పిసిడికామ్లము అను పదార్థమును స్రవించి ఇనుముతో బంధింపబడిన భాస్వరమును విడిపించుచున్నట్లు తెలిసెను. 1990లో ఈ ఫలితములు వెలువడినవి. తరతరములుగా రైతులు జొన్నలో కందిని సాళ్లుగా వేయుచున్నారు. అందులోని మేలు ఒకటి ఈ విధముగా శాస్త్రమునకు తెలిసినది. కంది రాల్చిన ఆకులతో, మిగిల్చిన వేరులతో ఆ భాస్వరములో కొంత తరువాతి పైరునకు కూడ దక్కును.

తెలుగునాట రేగడిలో సోయా

తెలంగాణములో సోయాచిక్కుడు ముఖ్యముగా ఆదిలాబాదు, నిర్మల్, కామారెడ్డి వంటి ఉత్తర, పశ్చిమ జిల్లాలలో సాగగుచున్నది. అచ్చటి నేలలలో అధికభాగము నల్లరేగడి. సెరాడో పద్ధతిని ఉన్నదున్నట్లు ఇచ్చట పాటింపరాదు. రేగడిలో సున్నము ఇంతకుముందే ఉన్నది. మరల సున్నము వేయుట తాళముపై తాళము వేయుటయే. శిలాఫాస్ఫేటు పొడిని నేరుగా చల్లుటవలనను ప్రయోజనము స్వల్పము. అది ఆమ్లనేలలలో మెల్లగా కరగును గాని సున్నపు నేలలలో కరగదు.

మొట్టమొదట చేయవలసినది మట్టిపరీక్ష. మొత్తము భాస్వరమును కాక, పైరునకు అందు భాస్వరమును అంచనా కట్టు పద్ధతులు కలవు. రేగడి నేలలకు 1954లో వెలువడిన ఓల్సన్ పద్ధతి తగినది. చాల సంవత్సరములుగా డి.ఎ.పి. వేయుచు వచ్చిన పొలములలో భాస్వరము పోగుపడి యుండవచ్చును. అట్టిచోట మోతాదు తగ్గించినను దిగుబడి తగ్గదు. ఖర్చు మాత్రము తగ్గును. అవసరమునకు మించి వేసినచో పైరునకు జింకు అందుట తగ్గును. మట్టితోపాటు కొట్టుకొనిపోయి చెరువులలో చేరిన భాస్వరము నాచును పెంచి నీటిని పాడుచేయును.

ఎరువు వేయు విధము కూడ ముఖ్యము. 50 కిలోగ్రాముల డి.ఎ.పి. బస్తాలో ఆక్సైడు రూపపు లెక్కన 23 కిలోగ్రాములు, శుద్ధ భాస్వరముగా ఇంచుమించు 10 కిలోగ్రాములు ఉండును. దానిని పొలమంతట వెదజల్లి దున్నినచో ప్రతి గుళికయు అన్ని వైపుల మట్టిరేణువులకు చిక్కును. విత్తనపు సాలునకు ప్రక్కగా, అంగుళము రెండంగుళముల దిగువన పడునట్లు వేసినచో మట్టితో తాకుడు తగ్గును. లేతవేరు త్వరగా అందుకొనును. భాస్వరము కదలదు కనుక పైరు ఎదిగిన పిదప పైపైన చల్లుట వ్యర్థము. విత్తుటకు ముందో, విత్తునప్పుడో వేయవలెను. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో భాస్వరముతోపాటు గంధకము కూడ ఉండుటచే నూనెగింజయైన సోయాకు అది మరియొక మేలు.

పశువుల ఎరువు, కంపోస్టు రెండు విధముల తోడ్పడును. వానిలోనే కొంత భాస్వరము కలదు. అవి కుళ్లునప్పుడు వెలువడు సేంద్రియామ్లములు రేణువులపై ఫాస్ఫేటు కూర్చుండవలసిన స్థానములను తామాక్రమించి, దానిని నీటిలో ఉండనిచ్చును. విత్తనమునకు బ్రాడీరైజోబియము పట్టించుట సోయాకు తప్పనిసరి. క్రొత్తగా సోయా వేయు పొలములో ఆ బాక్టీరియా నేలలో ఉండకపోవచ్చును. భాస్వరమును కరగించు బాక్టీరియాను కూడ విత్తనమునకు పట్టింతురు. వీని ఫలితము అన్ని పొలములలో ఒకే తీరుగా ఉండదు. ఎరువునకు ఇవి తోడు కాగలవు గాని బదులు కాజాలవు.

తరుగుచున్న నిధి

1842లో ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ ఫాస్ఫేటు పదార్థములను గంధకామ్లముతో కలిపి సూపర్ ఫాస్ఫేటు చేయు పద్ధతికి హక్కు పొందెను. నాటి నుండి పొలముల భాస్వరము గనులపై ఆధారపడుట మొదలైనది. గాలిలోని నత్రజని తరగనిది. బాక్టీరియా గాని, కర్మాగారము గాని దానిని ఎప్పుడైనను పట్టగలవు. భాస్వరము అట్టిది కాదు. కోట్ల సంవత్సరములలో సముద్రగర్భమున పేరుకొన్న శిలలే దానికి ప్రధానాధారము. లోకమున తెలిసిన శిలాఫాస్ఫేటు నిలువలలో మూడింట రెండు వంతులకు మించి ఒక్క మొరాకో ఆధీనములోని ప్రాంతములలోనే ఉన్నవి. భారతదేశములో రాజస్థానమందలి ఝామర్‌కోట్ర వంటి గనులున్నను అవి చాలవు. దేశమునకు కావలసిన భాస్వరములో అధికభాగము శిలగానో, ఆమ్లముగానో, తయారైన ఎరువుగానో ఓడలలో దిగుమతి యగుచున్నది. ఎక్కడో యుద్ధము వచ్చినను, ఒక దేశము ఎగుమతి ఆపినను ఆ దెబ్బ విత్తనాల వేళ రైతునకు తగులును.

పొలములో పోగుపడిన భాస్వరమును వాడుకొనుట ఇందుచేతనే ముఖ్యము. ఏండ్ల తరబడి వేసిన ఎరువులో పైరునకు అందక మిగిలినదంతయు రైతు ఇదివరకే డబ్బు చెల్లించి కొన్నది. మట్టిపరీక్షతో దాని లెక్క తెలిసికొని, పశువుల ఎరువుతో, సూక్ష్మజీవులతో, పైపొరలో విస్తరించు వేరులు గల వంగడములతో, కంది వంటి పైరుల సాయముతో దానిలో కొంతనైనను తిరిగి రాబట్టవచ్చును. గాదెలోని ధాన్యమంతయు ఒక్కనాడు చేతికి రాదు. కాని తాళపుచెవి దొరకిన కొలది బయట నుండి అప్పు తెచ్చుకొనవలసినది తగ్గుచుండును.